ముందు బ్రేకులో గాలి

ఆ వీధిలో అందరూ ఆమెను పళ్ళక్క అంటారు. కట్టుడుపళ్ళు చేస్తుంది కాబట్టి ఆ పేరు. పళ్ళ డాక్టరు గారి ఆసుపత్రి వెనక గదిలో, కిటికీ కింద బల్ల ముందు కూర్చుని, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ బోసినోళ్ళను నింపుతోంది. ఎవరైనా పెద్దాయన ఎదురుపడి నవ్వితే ఆమె ఆయన ముఖం చూడదు, పైవరుసలో కోరపన్ను సరిగ్గా కూర్చుందో లేదో చూస్తుంది. ఆమెకిప్పుడు యాభై ఒకటో ఏడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం ఉన్నవాళ్ళు ఆ వీధిలో ఇద్దరే ఉండేవారు. వాళ్ళు కూడా రెండోసారి అడగలేదు.

గురువారం ఉదయం ఆసుపత్రికి వెళ్ళే ఏటవాలు రోడ్డు మీద ఆమె ముందు పోతున్న వ్యాను ఠక్కున ఆగింది. పళ్ళక్క మోటారు సైకిలు ముందు బ్రేకు లివర్ నొక్కింది. అది ఏ అడ్డూ లేకుండా మెత్తగా వచ్చి హ్యాండిల్‌కు తగిలింది. వెనక బ్రేకు తొక్కి, రెండు కాళ్ళూ నేలకు రాసి, వ్యాను వెనక తలుపుకు జానెడు దూరంలో ఆగింది. చెప్పు ఒకటి ఊడి కాలవలో పడింది. వ్యాను డ్రైవరు దిగి వచ్చి ఆమె జుట్టు నెరవడం చూసి, తిట్టబోయిన తిట్టు మింగేసి వెళ్ళిపోయాడు. ఆ మింగడానికే ఆమెకు ఎక్కువ మండింది.

ఆ బండి ఆమెది కాదు, తమ్ముడిది. ఆమె కన్నా ఆరేళ్ళు చిన్నవాడు. పద్దెనిమిది నెలల కిందట, నలభై మూడో ఏట, పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళుతూ బండి ఆమెకిచ్చి పోయాడు. అక్కడ ఇంకోటి కొనుక్కున్నాడు. బండి నడపడం నేర్పిందీ వాడే. నలభై ఏళ్ళ ఆడమనిషికి బండి నేర్పడం వాడి ఓపికకు పరీక్ష. వీధి చివరి గోడ మీద ఇప్పటికీ ఆ పరీక్ష తాలూకు గీత ఒకటి ఉంది.

మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళొచ్చుగా అనకండి. మలుపులో మెకానిక్కు ఉన్నాడు, మంచివాడే. కానీ ఎప్పుడో ఒకసారి వాడు బ్రేకు దగ్గర ఏదో అతిగా బిగించి మర పోగొట్టాడని, ఆ రోజు నుంచి తమ్ముడు బ్రేకు పని ఇంటి పక్క షెడ్డులో తనే చేసుకునేవాడు. ఇప్పుడు బండి ఆ మెకానిక్కు చేతిలో పెట్టడమంటే తమ్ముడు ఇక ఈ ఇంటివాడు కాదని నలుగురిలో ఒప్పుకోవడమే. ఆమెకు అలాగే అనిపించింది. అలా అనిపించిందని ఎవరితోనైనా అంటే కదా, కాదని చెప్పడానికి.

మరి తమ్ముడికే ఫోను చేసి అడగొచ్చుగా? అక్కడే ఉంది చిక్కు. పెళ్ళిరోజు, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టే గది బయట, పెళ్ళికూతురి మేనమామ ఒకాయన చెయ్యి ఊపుతూ చెప్పాడు: "మా అమ్మాయికి ఈయన్ని అక్కగారి చేతిలోంచి లాక్కోవడానికి మూడేళ్ళు పట్టిందండీ బాబూ!" అందరూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. పళ్ళక్క గుమ్మం పక్కనే మంచినీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది. ఆయన సరదాకే అన్నాడు, పాపం ఆయన పైవరుస పళ్ళు కూడా కట్టుడువే. కానీ ఆమె ఆ గ్లాసు కింద పెట్టేలోపే ఒక నిర్ణయం తీసుకుంది. ఇక జన్మలో ఏ పనికీ వాణ్ణి పిలవను, అంతే.

పట్టు పట్టిందంటే పట్టే. కొళాయి కారితే వాషరు తనే మార్చింది. కప్పు కురిస్తే నిచ్చెన వేసుకుని తనే ఎక్కింది. దిగడానికి మాత్రం ముప్పావుగంట పట్టింది. తమ్ముడు వారానికోసారి ఫోను చేసేవాడు. బాగున్నావా అంటే బాగున్నా అనేది. "ఏమైనా పని ఉందా అక్కా?" అనేవాడు. "ఏమీ లేదురా" అనేది. ఆ తర్వాత ఇద్దరికీ మాట తోచేది కాదు. పని మీదుగా తప్ప మాట్లాడుకోవడం చేతకాని మనుషులు వాళ్ళు. వారానికోసారి వచ్చే ఫోను రెండు వారాలకోసారి అయింది, ఈమధ్య నెలకోసారికి దిగింది. ఆమె తనకు తాను ఇచ్చుకున్న మాట మీద నిలబడింది కానీ, ఆ నిలబడటంలో కాళ్ళు లాగేస్తున్నాయి. వాడు ఈ ఇంటికి రావాలంటే కారణం ఉండాలి, ఆ కారణాలన్నీ ఆమే ఒక్కొక్కటిగా తన చేతులతో బాగుచేసుకుంటూ వచ్చింది.

ఆదివారం ఉదయం షెడ్డు తలుపు తీసి బండిని సెంటరు స్టాండు మీద నిలబెట్టింది.

బ్రేకు సంగతి కొంచెం చెప్పాలి. పైన లివర్ దగ్గర చిన్న డబ్బీ ఉంటుంది, అందులో బ్రేకు ఆయిలు. అక్కణ్ణుంచి ఒక గొట్టం కింద చక్రం దాకా దిగుతుంది. లివర్ నొక్కితే ఆ ఒత్తిడి ఆయిల్లోంచి పోయి చక్రాన్ని పట్టుకుంటుంది. ఆయిల్లో గాలి చేరిందా, నొక్కిన నొక్కుడంతా ఆ గాలిని నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా ఏమీ చేరదు. గాలిని బయటికి తీయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు లివర్‌ను నాలుగుసార్లు నొక్కి, చివర్న గట్టిగా పట్టుకోవాలి. చక్రం పక్కన కూర్చున్న రెండోవాళ్ళు, అక్కడున్న నిపుల్ అనే చిన్న మరను స్పానరుతో పావు చుట్టు తిప్పాలి. ఆయిలూ, దాంతోపాటు బుడగలూ పారదర్శకంగా ఉండే సన్నటి గొట్టంలోంచి సీసాలోకి దిగుతాయి. నిపుల్ మళ్ళీ బిగించాకే లివర్ వదలాలి. ముందే వదిలితే బయటి గాలి లోపలికి పోతుంది, కథ మొదటికొస్తుంది. ఇలా ఒకటికి ఇరవైసార్లు చేయాలి.

పద్నాలుగేళ్ళు ఇందులో పైసగం పళ్ళక్కది, కిందిసగం తమ్ముడిది. "పట్టు" అనేవాడు కింద నుంచి. "పట్టా" అనేది. "వదులు" అనేవాడు. డబ్బీలో ఆయిలు తగ్గితే చెప్పడమూ ఆమె పనే. ఆయిలు రెండేళ్ళకోసారి మారిస్తే చాలని డబ్బా మీద రాసి ఉంటుంది. తమ్ముడు మూణ్ణెల్లకోసారి మార్చేవాడు. వాడి జాగ్రత్త అలాంటిదని ఆమెకు గర్వంగా ఉండేది, డబ్బా మీద రాసినవాడికి బ్రేకుల గురించి పెద్దగా తెలియదనుకునేది.

ఎదురుగా కూర్చోబెడితే తమ్ముడి నోట్లోంచి మాట ఊడిపడదు. కానీ చక్రం పక్కన చతికిలబడి, బుడగల వైపు చూస్తూ ఉంటే మాత్రం ఎన్నో చెప్పేవాడు. ఆమెకు వాడి నడినెత్తి తప్ప ఏమీ కనిపించేది కాదు. "కంపెనీలో నన్ను తీసేశారక్కా. పట్టు" అన్నది అలాగే. డాక్టరు గుండె పరీక్ష చేయించుకోమన్నాడని చెప్పిందీ అలాగే. ఒకసారి "అక్కా, ఒక అమ్మాయి ఉంది" అన్నాడు. అని, నిపుల్ బిగించి, వదులు అనడం మరిచిపోయాడు. ఆమె కూడా వదల్లేదు. వేళ్ళు తెల్లగా పాలిపోయేదాకా అలాగే పట్టుకుని నిలబడింది. "ఎక్కడి అమ్మాయిరా?" అని అడగడానికి ఆమెకు అంతసేపు పట్టింది.

ఇప్పుడు రెండు సగాలూ ఆమె నెత్తినే పడ్డాయి. లివర్‌ను నాలుగుసార్లు నొక్కి, పాత దుప్పటి అంచు చింపిన పీలికతో హ్యాండిల్‌కు బిగించి కట్టింది. చక్రం పక్కన కూర్చుని ఎనిమిదో నంబరు స్పానరుతో నిపుల్ తిప్పింది. నాలుగు చుక్కలు రాలి ఆగిపోయాయి. లేచి చూస్తే గుడ్డపీలిక వదులై వేలాడుతోంది. మళ్ళీ కట్టింది. మళ్ళీ నాలుగు చుక్కలే. మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి. "ముసలిదానివైపోయావే" అని తనను తానే తిట్టుకుంది. తిట్టడానికి కూడా ఇంకొకరు లేకపోతే తిట్టు పేలదు.

తర్వాత తిట్టుకోవడం మానేసి, లేవడం, నొక్కడం, మళ్ళీ కట్టడం, కూర్చోవడం ఒక పద్ధతిలో పెట్టుకుంది. పదోసారికి గొట్టంలో బుడగ కనిపించింది. ఆవగింజంత బుడగ గొట్టం మలుపు దగ్గర ఆగి, ఆలోచించి, సీసాలోకి జారింది. పళ్ళక్క ముఖం విప్పారింది. బుడగలంటే ఆమెకు పాత పగ. పళ్ళ అచ్చుకు ప్లాస్టరు పోసేటప్పుడు ఒక్క బుడగ మిగిలినా ఆ చోట అచ్చుకు చిల్లు పడుతుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా బుడగల్ని వేటాడటమే ఆమె ఉద్యోగం. అయినా, పద్నాలుగేళ్ళు ఈ బండి పక్కనే నిలబడి, తమ్ముడు చూసే ఈ బుడగల్ని ఒక్కసారీ చూడలేదు. ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. చిన్నపిల్లలా వాటినే చూస్తూ, లేస్తూ కూర్చుంటూ, ఒంటిగంట దాకా గడిపింది.

ఎంత తీసినా బుడగలు తరగడం లేదు, పైగా పెరుగుతున్నాయి. అనుమానం వచ్చి లేచి పైన డబ్బీలోకి చూసింది. అడుగు కనిపిస్తోంది, ఆయిలు చుక్క లేదు. ఖాళీ డబ్బీ కిందికి గాలినే తోస్తోంది, ఆమె నడుము విరిగేలా తీసిందంతా ఆ గాలే. కిందిసగం కొత్తది కాబట్టి తప్పు చేసినా అర్థముంది. పద్నాలుగేళ్ళు కళ్ళు మూసుకుని చేసిన పైసగం పనే మరిచిపోయింది. పళ్ళక్క షెడ్డు గుమ్మంలో కూర్చుని, చేతికంటిన ఆయిలు తుడుచుకోకుండానే ఏడ్చింది. బ్రేకు కోసం కాదు. డబ్బీ తగ్గిందని చెప్పడానికి ఒక మనిషి లేకపోయాడు, అందుకు.

ఏడుపు ఆగాక చేతులు కడుక్కుని ఫోను తీసింది.

"అక్కా! ఏంటీ టైములో? ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉందిరా. ఊరికే చేశా."

"ఏమైనా పని ఉందా?" అన్నాడు అలవాటుగా.

ఏమీ లేదురా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పద్దెనిమిది నెలలుగా అక్కడే మకాం పెట్టిన మాట అది. ఈసారి దాన్ని దాటుకుని ఇంకో మాట ముందుకొచ్చింది.

"ముందు బ్రేకు పోయిందిరా. లివర్ హ్యాండిల్‌కి తగుల్తోంది. పొద్దుట్నుంచి గాలి తీస్తున్నా, తీసేకొద్దీ ఎక్కువవుతోంది."

"లివర్ ఎవరు పట్టుకున్నారు?"

"ఎవరున్నారు పట్టుకోడానికి? గుడ్డపీలికతో కట్టా."

తమ్ముడు పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. "గుడ్డతో ఎలా కుదురుతుందక్కా? నిపుల్ తిప్పగానే లివర్ ఇంకా కిందికి దిగుతుంది, గుడ్డ లూజైపోతుంది. పాత ట్యూబు ముక్క లాగి కట్టు. రబ్బరైతే దాంతోపాటే దిగి పట్టుకునే ఉంటుంది. డబ్బీ నిండా ఆయిలు పోసుకో. అంతే."

"నువ్వక్కడ ఎలా చేస్తున్నావురా? ఆ అమ్మాయి పట్టుకుంటుందా?"

"తనెందుకు? నేనొక్కణ్ణే చేసుకుంటా. ముందు బ్రేకు ఎంతసేపు, పావుగంట పని."

"పావుగంటా? ఇక్కడ పూటంతా పట్టేది కదరా!"

అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది.

"అక్కడ నువ్వుండేదానివి కదా," అన్నాడు గొంతు తగ్గించి.

"అంటే నా వల్లే ఆలస్యమయ్యేదంటావా?"

"అది కాదక్కా. ఆదివారం వస్తే నువ్వు ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న ఆ మైనం, ఆ పళ్ళు ముందేసుకుని కూర్చునేదానివి. బయటికెళ్దాం రా అంటే పనుందనేదానివి. కాసేపు కబుర్లు చెప్పుకుందాం అంటే ఏముంటాయిరా కబుర్లు అనేదానివి. బ్రేకు పట్టుకోవాలి అంటే మాత్రం చేతిలో ఉన్నది పక్కన పడేసి వచ్చేదానివి. అందుకని..."

"అందుకని?"

"ఇద్దరు కావాలని చెప్పా."

పళ్ళక్క ట్యూబు ముక్క కడతానని చెప్పి ఫోను పెట్టేసింది.

పద్నాలుగేళ్ళు, మూణ్ణెల్లకోసారి, చేస్తున్న పని వదిలేసి ఆ షెడ్డులోకి వెళ్ళింది. వాడికి నేను తప్ప ఎవరున్నారు, నేను పట్టుకోకపోతే వాడి బ్రేకు ఏమైపోతుంది అనుకుంటూ వెళ్ళింది. తన మీద జాలిపడి వాడే ఆ పని పుట్టించాడని ఇప్పుడు తెలిసింది. సిగ్గేసింది. ఆ వెనకే, సిగ్గు కన్నా పెద్దగా, సంతోషం వేసింది. ఆ వెంటనే ఇల్లంతా మునుపటి కన్నా ఖాళీగా కనిపించింది. అన్నిటికన్నా బాధపెట్టింది ఒకటే. వాడు బయటికెళ్దాం రమ్మన్న ఆదివారాలు ఎన్నో ఆమెకు గుర్తే లేదు. ఎందుకు వెళ్ళలేదో అసలే గుర్తు లేదు. ఆ రోజుల్లో చేసిన పళ్ళసెట్లు ఎవరి నోళ్ళలో ఉన్నాయో మాత్రం అడిగితే చెప్పగలదు.

షెడ్డు మూల పాత సైకిలు ట్యూబు దొరికింది. బెత్తెడు వెడల్పు కోసి, లాగి, లివర్‌ను హ్యాండిల్‌కు కట్టింది. డబ్బీ నిండా కొత్త ఆయిలు పోసింది. నిపుల్ తిప్పితే ఆయిలు ధారగా దిగింది. రబ్బరు తన పాటికి తాను లివర్‌ను లాగి పట్టుకునే ఉంది, ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకుండా. బిగించింది, లేచింది, డబ్బీ చూసింది, మళ్ళీ కట్టింది. ఏడోసారికి బుడగలు పలచబడ్డాయి. పన్నెండోసారికి గొట్టంలో తేనెరంగు ఆయిలు తప్ప ఇంకేమీ లేదు. రబ్బరు విప్పి లివర్ నొక్కింది. సగం దూరం రాగానే రాయిలా నిలబడింది. ఎంత నొక్కినా అంతకు మించి రాలేదు. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది.

బండి తీసి వీధి చివరిదాకా నడిపి, తన పాత గీత ఉన్న గోడకు ఎదురుగా పోయి బ్రేకు వేసింది. బండి ముందు చక్రం మీద వంగి, గోడకు మూడడుగుల దూరంలో ఠపీమని ఆగింది. ఇంకోసారి చేసింది. మళ్ళీ ఆగింది. "చూశారా!" అనబోయి పక్కకు తిరిగింది. ఎదురింటి మెట్ల మీద ఒక పిల్లి తప్ప ఎవరూ లేరు, అది కూడా లేచి లోపలికి పోయింది. పళ్ళక్క బండి మీదే కూర్చుని లివర్ నొక్కుతూ, వదులుతూ ఉండిపోయింది. ఇక ఏ పనికీ ఆమెకు ఎవరి అవసరమూ లేదు.

ఇంటికొచ్చి తలుపు తీస్తుండగా ఫోను మోగింది. తమ్ముడే. ఒకే రోజు రెండోసారి మాట్లాడటం వాడి పెళ్ళయ్యాక ఇదే మొదలు.

"ఏమైందక్కా? అయిందా?"

బండి ఎదురుగా ఉంది. లివర్ రాయిలా ఉంది. పళ్ళక్క జీవితంలో అబద్ధం చెప్పడం తక్కువ. కట్టుడుపళ్ళు నప్పకపోతే నప్పలేదని డాక్టరు గారి ముఖం మీదే చెప్పే మనిషి.

"లేదురా," అంది. "రావట్లేదు."

"ట్యూబు ముక్క కట్టావా?"

"కట్టా."

"గొట్టం కొస సీసాలో ఆయిల్లో మునిగి ఉందా?"

"మునిగే ఉంది. అయినా గాలొస్తోంది. నాకు చేతకావట్లేదురా. నువ్వొకసారి రావాలి."

వెనకాల మరదలు ఏదో అడగడం, వాడు అక్కే అని చెప్పడం వినిపించింది.

"సరే, వచ్చే ఆదివారం వస్తా. అప్పటిదాకా బండి తీయకు, నడిచి వెళ్ళు. లివర్ పట్టుకోడానికి ఇంట్లోనే ఉంటావుగా?"

"ఎక్కడికి పోతానురా," అంది.

ఫోను పెట్టేసి, తలుపు గొళ్ళెం మళ్ళీ వేసి, షెడ్డులోకి వెళ్ళింది. ఆసుపత్రికి ముప్పావుగంట నడక. రేపటి నుంచి ఆరు రోజులు, రానూ పోనూ. నిపుల్‌కున్న గొట్టం పీకేసింది. స్పానరుతో పావు చుట్టు తిప్పి, పైన లివర్ పూర్తిగా నొక్కి, నిపుల్ బిగించకుండానే వదిలేసింది. లోపలికి గాలి పోయిన చప్పుడు సన్నగా వినిపించింది. రెండుసార్లకే లివర్ మెత్తబడింది. వాడికి అనుమానం రాకూడదని మూడోసారి కూడా చేసింది.